ధూర్జటి మహాకవి కాయకము

పులికాట్ సరస్సునకు పడమట, సువర్ణముఖీ నదీతీరమున శ్రీకాళహస్తి క్షేత్రము వెలసియున్నది. ఆ క్షేత్రనాథుని నమ్మి కవిత్వము చెప్పిన మహానుభావుడు ధూర్జటి.

క్రీ.శ. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో ఒకనిగా సంప్రదాయము ఆయనను గణించుచున్నది. ఆ కాలమున రాజాశ్రయమే కవులకు జీవనాధారము. రాజునకో, మంత్రికో కృతి నంకితమిచ్చినచో అగ్రహారములును, ధనమును, సన్మానములును లభించెడివి. ధూర్జటి యట్లు చేయలేదు. నాలుగాశ్వాసముల శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమును ఆ స్వామికే అంకితము చేసెను. సాలెపురుగు, పాము, ఏనుగు, బోయ తిన్నడు శివసాయుజ్యమందిన కథలు అందు కలవు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన కన్నప్పయే ఈ తిన్నడు. శివుని పద్యమునే తప్పుపట్టి వ్యాధిపాలైన నత్కీరుని కథయు నందే కలదు; విద్యాగర్వము పొందు కవులకది హెచ్చరిక.

శ్రీకాళహస్తీశ్వర శతకమున ఆయన రాజుల మదమును, రాజసేవను నిర్భయముగా నిరసించెను. తన విషయవాంఛలను సైతము దాచక, స్వామి యెదుట పశ్చాత్తాపపడెను. పరులను నిందించుట సులభము; తన్ను తాను నిందించుకొనుట కష్టము. అందుచేతనే ఆ మాటలు నేటికిని హృదయమును తాకుచున్నవి.

1516లో రాయలు కట్టించిన గాలిగోపురము 2010లో కూలినది. ధూర్జటి పద్యములు మాత్రము తెలుగువారి నాలుకలపై చెక్కుచెదరక నిలిచినవి.

బసవేశ్వరుడు బోధించిన కాయకమునకు హెచ్చుతగ్గులు లేవు. గంటము పట్టుటయు కాయకమే. దాని ఫలమును శివార్పణము చేసినవాని శ్రమ యెన్నడును వ్యర్థము కాదు.