పిల్లల డాక్టర్ను కాల్చిన తుపాకి ఎవల పైసలతోని కొన్నది?

సెప్టెంబర్ 3 వచ్చిందంటే హనుమకొండ పాత మనుషులకు ఒక పేరు యాదికొస్తది: డాక్టర్ ఎ. రామనాథం. ఇప్పటి తమ్ముళ్లు, చెల్లెండ్లల శానామందికి గాయన ఎవలో ఎరుక లేదు. అందుకే ఈ ముచ్చట.

రామనాథం సారు పిల్లల డాక్టరు. జరమొచ్చినా, వాంతులు బేదులైనా తల్లులు బిడ్డను సంకనేసుకొని హనుమకొండల గాయన దవాఖానకే ఉరికేటోళ్లు. గాయన అక్కడికే ఆగితే సల్లగ బతికేటోడు. ఆగలే. 1974ల పుట్టిన పౌరహక్కుల సంఘంల చేరి, రాష్ట్ర ఉపాధ్యక్షుడైండు. కన్నబిరాన్ సారు అధ్యక్షుడు. కాకతీయ యూనివర్సిటీల లెక్కలు చెప్పే బాలగోపాల్ ప్రధాన కార్యదర్శి. వీళ్ల పని ఒక్కటే: ఎక్కడన్న ఎన్‌కౌంటర్ అంటే ఆ ఊరికి పోయి, జనాన్ని అడిగి, జరిగింది జరిగినట్టు బయటపెట్టుడు. తుపాకి పట్టలే, పట్టుమని చెప్పలే. చంపినోడు సర్కారోడైనా చట్టం ముంగట నిలబడాలె అన్నరు, అంతే.

1985 శాన గడ్డుకాలం. ఉత్తర తెలంగాణల ఓ దిక్కు రైతుకూలీల పోరు, ఓ దిక్కు నక్సలైట్లు, ఇంకో దిక్కు సాయుధ పోలీసులు. టాడా చట్టం అదే ఏడు వచ్చింది. సెప్టెంబర్ 2న కాజీపేటల ఎస్సై యాదగిరిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపిన్రు. అది కూడ ఓ ఇంటి దుఃఖమే, కాదనొద్దు. తెల్లారి ఆయన శవయాత్ర హనుమకొండ బజార్ల పోతాంది. పోలీసులే నడుస్తున్నరు. అందుల కెళ్లి కొందరు రామనాథం దవాఖానల జొరబడి, ఆయనను కాల్చిన్రని పౌరహక్కుల సంఘాలు తేల్చినయి. పట్టపగలు, నడి ఊర్ల. సారు పానం పోయింది. ఇప్పటిదాక ఒక్క పోలీసుకు శిక్ష పడలే.

అంతటితోని ఆగలే. 1986ల జాపా లక్ష్మారెడ్డిని, 1991ల మన హనుమకొండలనే వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని చంపిన్రు. ఇద్దరూ హక్కుల సంఘపోళ్లే.

ఇగ అసలు ముచ్చట. 1985ల పోలీసులకున్నయి ఇప్పటంత కొత్త ఆయుధాలు కావు. 1989ల గ్రేహౌండ్స్ పెట్టిన్రు. జంగల్ల యుద్ధం చేసినట్టు తర్ఫీదు ఇచ్చిన్రు. తర్వాత ఏకే-47లు, మందుపాతరకు తట్టుకునే బండ్లు, ఇప్పుడు డ్రోన్లు. పోలీసు బలగాల ఆధునికీకరణ కింద 2021-22 నుంచి అయిదేండ్లకు కేంద్రం ఒప్పుకున్నది 26,275 కోట్లు. అమెరికాల గూడ గిదే కత. మిలటరీకి అక్కర తీరిన సామాను పోలీసులకిచ్చే పథకం ఉన్నది. 2014ల ఫెర్గూసన్‌ల నిరసన తెలుపుతున్న జనం మీదికి యుద్ధపు బండ్లు వచ్చినప్పుడు లోకమంత చూసి నివ్వెరపోయింది.

సామాను పెరిగింది. మరి జవాబుదారీ పెరిగిందా? ఎంతో కొంత పెరిగింది, అది గూడ కొట్లాడితేనే. పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీదనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997ల ఎన్‌కౌంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2014ల సుప్రీంకోర్టు గూడ ప్రతి ఎన్‌కౌంటర్ మీద ఎఫ్ఐఆర్, వేరే వాళ్లతోని విచారణ ఉండాలన్నది. రామనాథం సారు అడిగింది గదే.

తమ్ముడూ, చెల్లె, పోలీసోళ్లకు ఆయుధం వద్దని ఎవలంటలేరు. దొంగను పట్టాలె, ఆపదల ఆదుకోవాలె. కానీ ఆ తుపాకి మన పన్ను పైసలతోని కొన్నది. ఏం కొన్నరు, ఎంతకు కొన్నరు, ఎప్పుడు వాడిన్రు అని అడిగే హక్కు మనది. 2005 సమాచార హక్కు చట్టం కింద సర్కారు కొన్ని భద్రతా విభాగాలకు మినహాయింపు ఇయ్యొచ్చు. అయినా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ముచ్చట వస్తే ఆ మినహాయింపు చెల్లదు. పది రూపాయల దరఖాస్తు సాలు.

అడుగుడు అలవాటైతేనే తుపాకి అదుపుల ఉంటది. అడిగినందుకే ఓ పిల్లల డాక్టరు పానం ఇచ్చిండు. మనకు పోయేది పది రూపాయలు. అడుగుదాం.