ఘటోత్కచుడికి గౌరవం తెచ్చిన ఎస్వీ రంగారావు

టీవీలో ‘మాయాబజార్’ వస్తే మన మోపిదేవి చుట్టుపక్కల కాలనీల్లో పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని చూస్తాం. ఘటోత్కచుడు కనపడగానే పిల్లలు కేరింతలు కొడతారు. ఆ పాత్రకు ప్రాణం పోసిన సామర్ల వెంకట రంగారావు గారి జీవితం మన యువత తెలుసుకోవాలని ఈ సంచికలో గుర్తు చేసుకుంటున్నాం.

ఆయన 1918 జూలై 3న నాటి కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. కాకినాడలో చదువుకుంటూ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టారు. షేక్‌స్పియర్ పాత్రలు కూడా వేశారు. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం దొరికినా మనసు నటన మీదే ఉండటంతో దాన్ని వదిలేశారు. తొలి సినిమా ‘వరూధిని’ 1947లో వచ్చింది, ఆడలేదు. అవకాశాలు లేక జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో పనిచేశారు. అక్కడితో ఆగిపోయి ఉంటే మనకు ఎస్వీఆర్ లేరు.

మళ్లీ మద్రాసు వచ్చారు. 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడుగా, 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడిగా నిలబడ్డారు. 1957లో ‘మాయాబజార్’. దీనికి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు మన బందరులో పెరిగినవారే.

మనం గమనించాల్సింది ఇక్కడే. ఘటోత్కచుడు అడవి తల్లి హిడింబి కొడుకు. తెర మీద అడవి మనుషులంటే భయపెట్టడానికో, నవ్వించడానికో పెట్టడం మామూలు. రంగారావు గారు నవ్వించారు గానీ ఆ పాత్రను నవ్వులపాలు చెయ్యలేదు. తల్లి మాట జవదాటని కొడుకుగా, తెలియక ఎదిరించిన పినతల్లి సుభద్రకు తలవంచే బిడ్డగా, తమ్ముడి పెళ్లికి అండగా నిలిచే అన్నగా, రాజులకు తీసిపోని దొరగా చూపించారు.

1963 నాటి ‘నర్తనశాల’లో కీచకుడి పాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. 1974 జూలై 18న, 56 ఏళ్లకే మద్రాసులో కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఊరి పండుగల్లో, బడి వార్షికోత్సవాల్లో మీరూ వేషాలు కడుతున్నారు. మొదటిసారి చప్పట్లు పడకపోతే వెనక్కి తగ్గకండి. మనవాళ్ల పాత్ర వేయాల్సి వస్తే తలెత్తుకునేలా వేయండి. ఆ మహానటుడికి మనమిచ్చే నివాళి అదే.