యెల్లాప్రగడ సుబ్బారావుగారు

బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు ఇంటింట పంచిపెట్టిన డి.ఇ.సి. మాత్రలను మ్రింగినవారు మన గోదావరిఖని, రామగుండము ప్రాంతములయందు అనేకులు కలరు. పాఠశాలలో బాలికలకును, ఇండ్లయందు గర్భిణీ స్త్రీలకును ఇచ్చెడి ఇనుము, ఫోలిక్ ఆమ్లముల బిళ్లలు ఎల్లరును ఎఱిగినవే. ఈ రెండు మందులును ఒకే పరిశోధకుని పర్యవేక్షణమున లోకమునకు వచ్చినవనియు, ఆయన తెలుగువాడనియు ఎఱిగినవారు మాత్రము అరుదు. అందువలన ఈ సంచికయందు వారి చరిత్రమును క్లుప్తముగా వ్రాయ నుద్యమించితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున వారికి చదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పరుగిడగా, ఇంటివారు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పి మొగము చాటువేసికొను విద్యార్థులు ఈ వాక్యమును మరల నొకమారు చదువుదురుగాక! తరువాత రామకృష్ణ మఠమున సన్న్యసింపగోరిరి గాని తల్లి వెంకమ్మగారు సమ్మతింపకపోవుటచే వైద్యవిద్యలో ప్రవేశించిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రవైద్య తరగతికి పోవుట ఆచార్యునకు కంటగింపయ్యెను. తత్ఫలితముగా వారికి పూర్తి పట్టము రాక, తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఇంతకన్న పెద్ద దెబ్బ ఇంటనే తగిలినది. ఇద్దరు సోదరులు స్ప్రూ అను వ్యాధిచే కొలది దినముల ఎడమున మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎండి కృశించు రోగమిది. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకినది గాని బ్రదికి బయటపడిరి. వైద్యుడై యుండియు సోదరులను కాపాడలేకపోయితినను వేదన వారిని జీవితాంతము వీడలేదని మా తలంపు.

మామగారి సాహాయ్యమును, ధర్మసంస్థ యొసగిన విరాళమును కైకొని, భార్య శేషగిరిగారిని ఇంట విడిచి 1922 అక్టోబరున బోస్టను నగరము చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు పగలు హార్వర్డులో చదివిరి. ఫిస్కీ అను ఆచార్యునితో గూడి 1925లో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అది వారిద్దరి పేరనే వ్యవహరింపబడుచున్నది. కండరములకు బలమిచ్చు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెలువరించిరి. తట్టయు చెమ్మసును పట్టి బొగ్గు నింపిన మన తాతల చేతులు కదలినది ఈ పదార్థముల చేతనే. అయినను హార్వర్డున వారికి స్థిరమైన కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనాలయమున చేరిరి.

అచ్చట వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించినది. స్ప్రూ రోగులకు దానిని ఈయగా రక్తము మరల ఊరినది. సోదరులను గొనిపోయిన వ్యాధికి మందు దొరకినది, ఇరువది యేండ్లకు పైగా ఆలస్యముగా.

ఫోలిక్ ఆమ్లము కొసన గ్లుటామిక్ ఆమ్లమను ఆమినో ఆమ్ల మొకటి కలదు. ఆకుకూరలలో ఈ ఆమ్లము ఒక్కటిగా గాక గొలుసుగా నుండును. ఆమినో ఆమ్లముల గొలుసునే పెప్టైడు అందురు. సామాన్యమైన పెప్టైడును జీర్ణరసములు తునియలు చేయును. కాని ఈ గొలుసు ముడి వేరు విధముగా నుండుటచే వాటికి లొంగదు. దానిని విప్పుటకు ప్రత్యేకమైన ఎంజైము కావలెను.

ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని మాత్రము అడ్డగించు అమినోప్టెరిను, మెథోట్రెక్సేటులు పిదప ఆ పరిశోధనాలయముననే పుట్టినవి. బోస్టనులో ఫార్బరు అను వైద్యుడు 1947లో లుకీమియాతో చావునకు సిద్ధమైన పసిబిడ్డలకు అమినోప్టెరిను నీయగా కొందరు తాత్కాలికముగా కోలుకొనిరి. ఆ ఫలితములు ప్రకటితమైన 1948లోనే, ఆగస్టు నెలయందు, సుబ్బారావుగారు నిద్రలో మరణించిరి. వయస్సు ఏబదిమూడేండ్లు. మరల స్వదేశమును గాని శేషగిరిగారిని గాని చూడలేదు. పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. ఈ విషయము వ్రాయునపుడు మా కలము నిలిచినది.

వారి మందు మాత్రము ఆగలేదు. మన దేహమును కాపాడవలసిన తెల్లకణములు ఒక్కొక్కప్పుడు పొరబడి మన అవయవములనే శత్రువులని తలచి దండెత్తును. కీళ్లపై దండెత్తిన కీళ్లవాతము. మెదడు, వెన్నుపాములలోని నరములపై నుండు మైలిను పొరను కొఱికిన మల్టిపుల్ స్క్లిరోసిస్. ఈ రెండవదానిచే చూపు మసకబారును, కాళ్లు తడబడును. కీళ్లవాతమునకు 1951లోనే అమినోప్టెరినును ప్రయోగించిరి. నేడు మెథోట్రెక్సేటు దానికి ప్రధానౌషధము. కణము లోపల దీనికి గ్లుటామిక్ ఆమ్లముల గొలుసు తగులుకొనుటచే చాలదినములు నిలువ నుండును. కావున వారమున కొక్కమారు ఇచ్చిన చాలును. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో 1995లో పరీక్షింపగా చేతుల శక్తి క్షీణించుటను కొంత తగ్గించెను గాని అంతకుమించిన మేలు కలుగలేదు. సైన్యము నంతను అణచు మందు గాక, పొరబడిన భటులను మాత్రమే దారికి దెచ్చు మందు కావలసియున్నది.

ఆ దారిలో మొదట గెలిచినది గ్లాటిరామరు. గ్లుటామిక్ ఆమ్లము, లైసిను, అలనిను, టైరొసిను అను నాలుగింటిని గూర్చి ఇజ్రాయేలు పరిశోధకులు చేసిన పెప్టైడు మిశ్రమమిది. 1996లో అమెరికాలో అనుమతి పొందినది. మ్రింగిన జీర్ణమై పోవును గనుక చర్మము క్రింద సూదితో ఈయవలెను. ఈ బాధను తప్పింప, గొలుసు కొసలను కలిపి వలయముగా చుట్టియు, అద్దములోని ప్రతిబింబము వంటి ఆమినో ఆమ్లములను చేర్చియు తునుగని పెప్టైడులను నిర్మింప శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. మైలినును పోలిన ఒక పెప్టైడును 2000 ప్రాంతమున రోగులకు ఈయగా కొందరికి వ్యాధి ముదిరి పరీక్ష ఆపవలసివచ్చెను. తెల్లకణములకు పాఠము చెప్పుట తేలిక గాదు.

గ్లాటిరామరును హైదరాబాదులోని నాట్కో కంపెనీవారు తయారుచేయగా, మైలాన్ అను సంస్థ పేరున 2017 అక్టోబరున అమెరికా ప్రభుత్వము దాని విక్రయమునకు అనుమతి నొసగినది.