డేరా నుంచి పక్కా హాలు దాకా – రఘుపతి వెంకయ్య నాయుడు గారు

కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో మన తరం వారు చాలామంది మొదటి సినిమా చూసింది డేరాలోనే. నేలకొక ధర, బెంచీకొక ధర, కుర్చీకొక ధర. ఆడవారికి వేరుగా చోటు. గాలివాన వస్తే ఆట ఆగిపోయేది. ఆ డేరా వ్యాపారంతో మొదలుపెట్టి మద్రాసులో పక్కా సినిమా హాలు కట్టిన మొదటి భారతీయుడు తెలుగువారే. ఆయనే కీ.శే. రఘుపతి వెంకయ్య నాయుడు గారు. అప్పుడు మన రెండు జిల్లాలూ మద్రాసు రాజధానిలోనివే.

వెంకయ్య గారు 1869లో మచిలీపట్నంలో జన్మించారు. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫోటోగ్రఫీ నేర్చి, మౌంటు రోడ్డులో స్టూడియో పెట్టి పేరు తెచ్చుకున్నారు. అంతటితో తృప్తిపడి ఉంటే సుఖంగా గడిచిపోయేది. కాని 1910 ప్రాంతంలో బొమ్మకు తోడు గ్రామఫోను పలికే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం ఆయన కంటపడింది. వెల ముప్పై వేల రూపాయలు. స్టూడియోను తాకట్టు పెట్టి దానిని కొన్నారు. మద్రాసులో ప్రదర్శించి, తరువాత డేరాతో ఊరూరా తిరిగారు. బర్మా, సింహళం కూడా వెళ్ళి వచ్చారు.

ఆ ఆర్జనతో 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ వెలిశాయి.

సినిమా హాలు కట్టడం ఇల్లు కట్టినట్టు కాదు. ఆనాటి ఫిల్ము నిప్పు తగిలితే భగ్గున మండేది. ఆర్క్ దీపం వేడి దాని పక్కనే. అందుకే ప్రొజెక్టరు గది గట్టి గోడలతో విడిగా ఉండాలి, బొమ్మ పోయే కిటికీలకు మూతలుండాలి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1955లో, ఆంధ్ర రాష్ట్రంలో సినిమాల నియంత్రణ చట్టం వచ్చింది. లైసెన్సు కలెక్టరు గారి చేతిలో ఉండేది. బయటికి తెరుచుకునే తలుపులు, ఇసుక బక్కెట్లు, కట్టడం గట్టిదనానికి ఇంజనీరు సర్టిఫికెట్టు, కరెంటుకు మరొక సర్టిఫికెట్టు – రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు ఆ ఫైళ్ళు గుర్తుండే ఉంటాయి. మనకు విసుగనిపించిన ఆ షరతులన్నీ లోపల కూర్చున్న జనం ప్రాణాల కోసమే.

వెంకయ్య గారు హాళ్ళతో ఆగలేదు. కుమారుడు ప్రకాశ్ గారిని విదేశాలకు పంపి సినిమా తీయడం నేర్పించారు. ఇద్దరూ కలిసి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ చిత్రం విడుదల చేశారు. అయితే అప్పులు పెరిగాయి. కట్టించిన థియేటర్లు చేతులు దాటిపోయాయి. గ్లోబ్ తరువాతి కాలంలో రాక్సీ అయింది. వెంకయ్య గారు 1941లో పరమపదించారు.

1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేర అవార్డు నెలకొల్పింది. మొదటిది ఎల్.వి. ప్రసాద్ గారికి ఇచ్చారు. మన కడప జిల్లా బిడ్డ బి. నాగిరెడ్డి గారికి కూడా తరువాత ఆ గౌరవం దక్కింది.

గెయిటీ, క్రౌన్, రాక్సీ మూడూ నేడు లేవు. మన ఊళ్ళలోనూ పాత హాళ్ళు ఒక్కొక్కటే కల్యాణ మండపాలుగా, దుకాణాల సముదాయాలుగా మారిపోతున్నాయి. కట్టడాలు పోయినా, ఉన్న ఆస్తిని తాకట్టు పెట్టి పదిమందికి నీడ కల్పించిన ఆ పెద్దమనిషి పేరు పోకూడదు. సభ్యులు తమ మనవలకు ఆయన సంగతి ఒకసారి చెప్పగలరని మనవి.