డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు – ప్రయోగమును వ్రాయు విధము

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని తెలుగు విద్యార్థి యుండరాదు. ఒక విధమగు రక్తహీనతను పోగొట్టు ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్, సూక్ష్మజీవులను నశింపజేయు ఆరియోమైసిన్ – ఇవి యన్నియు ఆయన నాయకత్వమున నడచిన పరిశోధనశాలనుండి లోకమునకు వచ్చిన మందులు. వీని కథ పెక్కు పుస్తకములలో కలదు. మేమిచట ఆ మహనీయుని జీవితమును వేరొక దృష్టితో చెప్పదలచితిమి. విద్యార్థులందరును సామాన్యశాస్త్ర ప్రయోగములను చేసి వానిని రికార్డు పుస్తకములలో వ్రాయుచున్నారు. ఆ వ్రాతకు మార్కులు తప్ప వేరు ప్రయోజనము లేదని పెక్కుమంది తలంపు. క్రిందటియేటి విద్యార్థి పుస్తకమును చూచి దించుకొనిన చాలునని కొందరి నమ్మకము. ప్రయోగమును చేయుట యెంత ముఖ్యమో దానిని ఉన్నదున్నట్లు వ్రాయుటయు అంత ముఖ్యమని సుబ్బారావుగారి జీవితము మనకు తెలుపుచున్నది.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి రెవిన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ఆయన ముందుగనే ఉద్యోగమును విడువవలసి వచ్చినందున ఇంటిలో ఇబ్బందులు మెండుగ నుండెను. సుబ్బారావుగారు బాల్యమున చదువులో రాణింపలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మద్రాసులోని హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన పిల్లవానికి ఇక చదువబ్బదని తొందరపడి తీర్మానించు తల్లిదండ్రులు ఈ విషయమును మనస్సున నుంచుకొందురుగాక.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి పోయిరి. ఇది ఆ శాఖ ఆచార్యునకు కిట్టలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినను, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టమే ఆయనకు దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకనందున మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించిరి. అయినను వ్యాధుల మూలమును కనుగొనవలెనను కోరిక ఆయనను నిలువనీయలేదు. తోడబుట్టినవారిని వ్యాధి కబళించుటను ఆయన కన్నులార చూచియుండిరి.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును, మామగారును తోడ్పడగా, 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యమును చదువుచు, పొట్టపోసికొనుటకై రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను కడుగు పనిచేసిరి. 1924లో డిప్లొమా పొంది, హార్వర్డు వైద్య కళాశాలలోని జీవరసాయన శాఖలో చేరిరి. అచట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేయ నారంభించిరి. ప్రయోగమును వ్రాయుటనుగూర్చి మనము నేర్చుకొనవలసిన మొదటి పాఠము ఇచటనే కలదు.

రక్తమునందును మూత్రమునందును భాస్వరము స్వల్పముగా నుండును. దాని పాలు తెలిసినచో కొన్ని వ్యాధుల జాడ తెలియును. అంత స్వల్ప పదార్థమును తూచుట యెట్లు? ఫిస్కే, సుబ్బారావుగారలు దానిని తూచక, రంగుచే కొలుచు విధానమును రూపొందించిరి. పరీక్షింపవలసిన ద్రావణమునకు ఆమ్లముతో కూడిన మాలిబ్డేటు ద్రావణమును కలిపి, పిదప తగిన క్షయకరణిని చేర్చినచో నీలివర్ణము పుట్టును. భాస్వర మెంత హెచ్చుగ నున్న నీలిమ అంత చిక్కగ నుండును. భాస్వరపు పాలు ముందే తెలిసిన మరియొక ద్రావణమును అదే విధముగ సిద్ధపరచి, రెండు నీలివర్ణములను సరిపోల్చినచో లెక్క తేలును. ఈ విధానమును వారు 1925లో ప్రకటించిరి. అది లోకమందలి ప్రయోగశాలలకు వ్యాపించినది. నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరుతోనే నేర్చుకొనుచున్నారు.

అది యట్లు వ్యాపించుటకు కారణమేమి? పద్ధతి మంచిదగుట ఒక కారణము. దానిని చదివినవాడు, కనిపెట్టినవారి మొగమెరుగకున్నను, తన బల్లపై తానుగా చేసికొనగలుగుట రెండవ కారణము. ఏ ద్రవ్యము ఎంత, ఏది ముందు, ఏది వెనుక, ఎంతసేపు ఆగవలెను అను సంగతులు లేనిచో ఆ పద్ధతి కనిపెట్టినవారితోనే అంతరించియుండెడిది. మన విద్యార్థులు విధానమను శీర్షిక క్రింద కొంచెము ఆమ్లము పోసి వేడిచేయవలెనని వ్రాయుదురు. కొంచెమనగా ఎంత? ఎంతసేపు వేడిచేయవలెను? పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల ఆమ్లమును పోసి 2 నిమిషములు వేడిచేసితిమని వ్రాసినపుడే అది విధాన మగును. చేయవలెనని గాక చేసితిమని వ్రాయుటయు మంచిది. ఏలయన రికార్డు మీరు చేసిన పనికి సాక్ష్యముగాని ఇతరులకిచ్చు ఆజ్ఞ కాదు.

రెండవ పాఠము ఇంతకంటె గొప్పది. తమ పద్ధతిని ఫిస్కే, సుబ్బారావుగారలు కండరములనుండి తీసిన ద్రవమునకు వర్తింపజేసిరి. అచట ఒక వింత కనబడెను. నీలివర్ణము నిర్ణీతకాలమున పూర్తిగా రాక, ఆలస్యముగా, కొంచెము కొంచెముగా చిక్కనగుచుండెను. పని పాడయ్యెనని ఆ ద్రవమును పారబోసి, రావలసిన అంకెను వ్రాసికొనువారైనచో కథ అంతటితో ముగిసెడిది. వారట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుటనే పట్టుకొని కారణమును వెదకిరి. కండరమున నున్న ఒకానొక పదార్థము ఆ ఆమ్లద్రావణమున మెల్లగా విచ్ఛిన్నమగుచు ఫాస్ఫేటును విడుచుచున్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడది విచ్ఛిన్నమగునని, విశ్రాంతి గొనునపుడు తిరిగి ఏర్పడునని వారు చూపిరి. ఇది 1927వ సంవత్సరపు మాట. కండరముల పనికి లాక్టికామ్లమే మూలమని నాటి శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి. కండరములపై పరిశోధనలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హోఫ్ గారల అభిప్రాయమును అదియే. అంతటి పెద్దల సిద్ధాంతము కదలుటకు పరీక్షనాళికలో ఆలస్యముగా వచ్చిన నీలివర్ణము ఒక హేతువయ్యెను.

ఇట్టి సంఘటన మన పాఠశాలలోను జరుగవచ్చును. నీరు ఎన్ని డిగ్రీలకడ మరుగునో కనుగొను ప్రయోగమును తీసికొందము. పుస్తకమున 100 డిగ్రీల సెంటీగ్రేడు అని యున్నది. విద్యార్థి నీటిని మరిగించి థర్మామీటరును చూచును. పాదరసము 97 డిగ్రీల దాపున నిలిచి పైకి పోదు. అంతట అతడు ప్రక్కవాని మొగము చూచి, పుస్తకమును చూచి, 100 అని వ్రాయును. పాపము, సరియైన ఫలితమును చేతులార చెరిపివేయును! 100 డిగ్రీలను మాట సముద్రమట్టమున నుండు వాయుపీడనమునకు చెల్లును. మన చింతామణి పట్టణము సముద్రమట్టమునకు 800 మీటర్లకు మించిన ఎత్తున నున్నది. ఎత్తు హెచ్చిన కొలది గాలి పీడనము తగ్గును. పీడనము తగ్గినచో నీరు తక్కువ వేడిమికే మరుగును. కావున కెంచార్లహళ్ళిలో 97 అని వ్రాసిన విద్యార్థియే నిజము వ్రాసినవాడు. ఒకవేళ థర్మామీటరులోనే దోషమున్నను, చూచిన అంకె పుస్తకముమీద నున్నప్పుడే ఉపాధ్యాయుడు ఆ దోషమును కనిపెట్టగలడు. అంకెను మార్చినచో దోషమును దాగును, నిజమును దాగును.

మూడవ పాఠము కొంత బాధతో చెప్పవలసినది. జీవకణములకు శక్తినందించు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును 1929లో ఫిస్కే, సుబ్బారావుగారలు కండరములనుండి వేరుచేసి ప్రకటించిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనిపెట్టి ప్రకటించెను. ఇరుపక్షములవారును వ్రాసి తేదీతో వెల్లడించినందున చరిత్రలో ఇరువురకును చోటు దొరకినది. కాని సుబ్బారావుగారి పనియంతయు ఇట్లు వెలుగు చూడలేదు. ఆ ప్రయోగశాలలో పనిచేసి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్‌గారు ఒక విషయమును చెప్పియున్నారు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను అనేక సంవత్సరములకు పిమ్మట ఇతరులు మరల కనిపెట్టవలసి వచ్చెనని, ఫిస్కేగారు బహుశః అసూయచే ఆ పనిని వెల్లడి కానీయకపోవుటయే దానికి హేతువని ఆయన అభిప్రాయము. వ్రాతలో వెలువడని ప్రయోగము జరుగని ప్రయోగముతో సమానము. కావున రికార్డున తేదీ వేయుట, కలిసి పనిచేసిన జతవాని పేరు వ్రాయుట అలంకారములు కావు. అవి న్యాయమునకు సంబంధించిన విషయములు. జతవాడు కొలువగా మీరు వ్రాసికొనినచో ఆ మాటయు వ్రాయవలెను.

హార్వర్డులో స్థిరమైన పదవి లభింపనందున సుబ్బారావుగారు 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరి, క్రమముగా పరిశోధనలన్నింటికి అధిపతియైరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన వార్తను 1945లో వారు ప్రకటించినపుడు, ఆ పత్రమున పెక్కుమంది సహచరుల పేరులతోపాటు వారిలో ఒకటిగా సుబ్బారావుగారి పేరుండెను.

నాలుగవ పాఠము ఈ ఫోలిక్ ఆమ్లమునుండియే వచ్చినది. బోస్టన్‌లోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలకు ఆ జాతి పదార్థములనిచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారుగా హెచ్చుచున్నట్లు ఆయనకు తోచెను. ఆ ప్రతికూల ఫలితమును ఆయన దాచలేదు. ఫోలిక్ ఆమ్లము రోగమును పెంచునేని, దాని పనిని అడ్డగించు పదార్థము రోగమును తగ్గింపవచ్చునని ఊహించెను. అట్టి పదార్థములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి యిచ్చెను. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని 16 మంది పిల్లలకు ఈయగా 10 మందికి మేలు కనబడెను. 1948లో ప్రకటించిన ఆ పత్రపు శీర్షికలోనే ఉపశమనము తాత్కాలికమని వ్రాసిరి. అంతవరకు మందులేని వ్యాధికి తొలిసారిగా మందు కనబడినను, వ్యాధి కుదిరినదని వారు చాటుకొనలేదు. చూచినంతయే చెప్పిరి. ఆ జాతిలోనిదే యగు మెథోట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు. మన విద్యార్థులు ఒక్క విత్తనము మొలకెత్తుట చూచి విత్తనములన్నియు ఇట్లే మొలకెత్తునని వ్రాయుదురు. 10 విత్తనములు నాటితిమి, 7 మొలకెత్తినవి అని వ్రాయుట శాస్త్రము. తక్కిన 3 ఏల మొలవలేదో ఆలోచించుట ఇంకను గొప్ప శాస్త్రము.

ఆ పత్రము వెలువడిన కొలదివారములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూసిరి. అప్పటికి ఆయనకు 53 సంవత్సరములు. స్వదేశమును విడిచిన పిమ్మట ఆయన మరల భారతభూమిని చూడలేదు. అమెరికా పౌరసత్వమును తీసికొననులేదు. ఆయన శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించినది.

విద్యార్థులారా! రికార్డున వ్రాయవలసిన శీర్షికలు మీరెరిగినవే: ఉద్దేశము, పరికరములు, విధానము, పరిశీలనలు, ఫలితము, జాగ్రత్తలు. శీర్షికలు మాత్రమే యున్న చాలదు. ఉద్దేశమును ఒక్క వాక్యమున వ్రాయుడు. విధానమున కొలతలును కాలమును ఉండవలెను. పరిశీలనలను ఇంటికి పోయి జ్ఞాపకముంచుకొని వ్రాయక, బల్లకడనే, చూచిన వెంటనే పట్టికలో వ్రాయుడు. తప్పు వ్రాసినచో రబ్బరుతో చెరుపక ఒక గీత గీసి ప్రక్కన సరియైనది వ్రాయుడు. గీత క్రింది అంకెయు ఒకనాడు పనికిరావచ్చును. ఫలితమున మీ పరిశీలనలు చెప్పినదానికంటె ఒక్క మాటయు ఎక్కువ చెప్పకుడు.

తల్లిదండ్రులకును మాదొక మనవి. మన పిల్లలు ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును, పై చదువులలో ఆంగ్లమును నేర్వవలసినవారు. మూడు భాషల నడుమ బట్టీపట్టిన మాటలతో పుస్తకమును నింపుట వారికి సులభము. చూచినదానిని సొంతమాటలతో చెప్పుట కష్టము. కావున వారానికొకసారి మీ పిల్లవానిని పిలిచి, రికార్డులోని ఒక ప్రయోగమును చదివి వినిపింపుమనుడు. శాస్త్రము చదువని తల్లికి సైతము, పిల్లవాడు ఏమి తీసికొనెను, ఏమి చేసెను, ఏమి చూచెను అను మూడు సంగతులు బోధపడినచో ఆ వ్రాత మంచిది. బోధపడనిచో ఎంతసేపు, ఎంత అని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు బదులు చెప్పలేని పిల్లవాడు మరునాడు బల్లకడకు పోయి మరల కొలుచుకొని వచ్చును. మాకు కావలసినదియు అదియే.