ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) సుప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. శరీర కణాల పెరుగుదలకు తోడ్పడే ఫోలిక్ ఆమ్లం, ఆ పెరుగుదలనే అరికట్టే క్యాన్సరు మందులు, రెండూ ఇతని నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితమే.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. అప్పటికి ఆ వ్యాధికి సరైన మందు లేదు.

పరిశోధనలు

అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని కనుగొన్నది కూడా అక్కడే. అయినా శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారాడు.

అక్కడి బృందం కాలేయం నుండి, సూక్ష్మజీవుల నుండి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుపరచి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. ఇందులో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఒక భాగం. సూక్ష్మజీవుల నుండి లభించిన రూపంలో మూడు గ్లుటామిక్ ఆమ్లాలు పెప్టైడు గొలుసువలె కలిసి ఉంటాయి. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. తయారు కావాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది కొరవడితే ముందుగా దెబ్బతినేది రక్తకణాలు, పేగుల లోపలి పొర. తోబుట్టువులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఈ విధంగా చికిత్స లభించింది.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఈ గొలుసు రూపాలను రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా మరింత విజృంభించినట్లు తోచింది. అయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే? లెడర్లీలో తయారైన విరోధి పదార్థం అమినోప్టెరిన్ వాడగా 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్. క్యాన్సరుకే గాక కీళ్ళవాతానికి కూడా నేటికీ వాడుతున్నారు.

బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు హయాంలో వెలువడినవే. మొదటిది గోదావరి జిల్లాల వారికి వేరుగా పరిచయం చేయనక్కరలేదు.

చివరి రోజులు

పరిశోధనా పత్రాలలో సహచరుల పేర్లను ముందుంచి తాను వెనుక నిలిచేవాడు. జనసామాన్యంలో ఇతని పేరు అంతగా వినబడకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. అమెరికా పౌరసత్వం పొందలేదు, స్వదేశానికీ తిరిగి రాలేదు. న్యూయార్కులో గుండెపోటుతో మరణించాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఇతని పేరిట స్టాంపు విడుదల చేసింది.