సమాధిశిల్పి కోర్నెలిస్ ఫ్లోరిసు

మన గూడూరునుండి బందరునకు పోయినవారిలో పలువురు అచ్చటి డచ్చివారి శ్మశానవాటికను చూచియుందురు. 17వ శతాబ్దమున వర్తకమునకై మన తీరమునకు వచ్చి, ఇచ్చటనే కాలధర్మము నొందినవారి ఫలకములపై వంశచిహ్నములును అక్షరములును చెక్కబడియున్నవి. ఆ జాతివారి దేశభాగములందు అంతకు ముందు శతాబ్దమున సమాధిశిల్పమునకు క్రొత్తదారి చూపిన కోర్నెలిస్ ఫ్లోరిసు చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఇతడు 1514 ప్రాంతమున, ఇప్పటి బెల్జియములోని ఆంట్వెర్పు అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి రాతిపనివాడు. ఫ్లోరిసు యౌవనమున రోమునగరమునకు పోయి ప్రాచీనశిల్పములను పరిశీలించి, మరలివచ్చి, 1539లో స్వస్థలమందలి కళాకారుల సంఘమున చేరెను. తమ్ముడు ఫ్రాన్సు చిత్రకారుడై ఖ్యాతి గాంచెను.

ఆ కాలమున ఐరోపాఖండమందు ఘనులను దేవాలయములలోపలనే పాతిపెట్టుచుండిరి. స్తంభములు, కమాను, ప్రతిమ, శాసనము గల స్మారకమును గోడకు హత్తించి నిలుపుట యొక పద్ధతి. 1549లో ఫ్లోరిసు ప్రష్యా ప్రభువగు ఆల్బర్టు భార్య డొరోతియాకు కోనిగ్స్‌బెర్గు దేవాలయమున అట్టి స్మారకమును నిర్మించెను. డెన్మార్కు రాజుల సమాధులును అతనికే అప్పగింపబడినవి.

రాజులు ఎంత దూరమునుండియైనను పని చేయించుకొనగలరు. మారుమూల నున్న పేదశిల్పి ఆ పనితనమును చూచుట యెట్లు? 1557లో ఆంట్వెర్పునందలి హియెరోనిమస్ కోక్ అను ముద్రాపకుడు ఫ్లోరిసు గీసిన సమాధినమూనాలను రాగిరేకులపై చెక్కించి, అచ్చొత్తించి, శిల్పులకును చిత్రకారులకును అందునట్లు చేసెను. మన పెడనలో ఒక్క కొయ్యఅచ్చు ఎన్నియో బట్టల నలంకరించుట మనమెరిగినదే. అందు రంగు ఉబ్బుభాగమున నిలుచును, రాగిరేకున సిరా గాడిలో నిలుచును, భేద మింతియే. జీవనాధారమైన విద్యను ఇట్లు పదుగురికి పంచినవారు ఏ వృత్తియందైనను అరుదు. అతని నమూనాలయందు కత్తిరించి చుట్టిన తోలువంటి అలంకారము కొంత మితిమీరినదని మాకు తోచును. అయినను జర్మనీ ఉత్తరభాగమునను, బాల్టిక్ సముద్రతీరపట్టణములందును శిల్పులు ఆ రీతినే అనుసరించిరి.

1561–65 నడుమ కట్టబడిన ఆంట్వెర్పు పురమందిరమునకు ఇతడే ముఖ్యశిల్పి. 1566లో సంస్కరణవాదులు కొందరు ఆ దేశపు దేవాలయములలో జొరబడి ప్రతిమలను పగులగొట్టిరి. సంస్కరణమును మేము గౌరవింతుము గాని ఆ సుత్తెదెబ్బలను మెచ్చజాలము. 1575లో ఫ్లోరిసు మరణించెను. మరుసటి యేడే స్పెయినుదేశపు సైనికులు పట్టణమును కొల్లగొట్టగా, ఆ పురమందిరము దగ్ధమైనది. పిమ్మట దానిని మరల కట్టిరి. కోనిగ్స్‌బెర్గు దేవాలయము 1944 నాటి బాంబుదాడిలో మంటలపాలయ్యెను. 1557 నాటి ఆ అచ్చుకాగితములు మాత్రము ఆంస్టర్‌డాము మున్నగు నగరముల ప్రదర్శనశాలలలో నేటికిని నిలిచియున్నవి.